ముందు నువ్వు పద

"ముందు నువ్వు పద, అమ్మాయ్," అన్నాడు ఇస్కందర్.

ఏటా అనే మాటే. దమావంద్ కొండ నెత్తిన, ఉత్తరపు వాలు మొదలయ్యే చోట, గంధకపు పొగ ముక్కుల్ని మండిస్తుంటే, స్కీలు అడ్డంగా పెట్టి నిలబడి, చేతికర్రతో కిందికి చూపిస్తూ మేనకోడలితో ఏటా ఆ మాట అంటాడు. "అయ్యో, మీరుండగా నేనా మామయ్యా," అని తూరాన్ ఏటా అంటుంది. ఆయన ఇంకోసారి అంటాడు. ఆమె ఇంకోసారి కాదంటుంది. "మీ తారోఫ్ మర్యాదలు తెమిలేసరికి ఈ మంచంతా కరిగి సముద్రంలో కలుస్తుంది, ఎవరో ఒకరు దిగండి," అని వెనకనుంచి టీకొట్టు గూదర్జ్ అంటాడు. అప్పుడు ఆయన నవ్వి, మీసానికి పట్టిన మంచు తుడుచుకుని, తనే ముందు దిగుతాడు. తల్‌రూద్ ఊళ్ళో గుమ్మం దగ్గరా, గిన్నె దగ్గరా, బండి ఎక్కే దగ్గరా ఒకరికొకరు ఎలా దారి ఇచ్చుకుంటారో కొండ మీదా అంతే. పెద్దవాడు ముందు నువ్వంటాడు. చిన్నవాళ్ళు మీరుండగానా అంటారు. పెద్దవాడు ముందు వెళతాడు.

ఈ ఏడు తూరాన్ "సరే మామయ్యా," అంది.

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని ఆమెకు వెంటనే తెలియలేదు. కళ్ళు వాలు మీద ఉన్నాయి. రాత్రంతా బిగిసిన పైమంచు తూర్పు భుజం మీదుగా వచ్చిన ఎండకి అప్పుడప్పుడే వదులవుతోంది. గోరు దిగేంత మెత్తన, దాని కింద రాయిలాంటి గట్టి. ఇంకాస్త ముందైతే గాజు, ఇంకాస్త ఆగితే కాళ్ళు లాగే బురద. ఆ మధ్యనున్న కొద్దిసేపూ ఉప్పుగల్లు పరిచినట్టు ఉంటుంది. ఆ మెరుపు ఎక్కడిదాకా వచ్చిందో, ఏ మడతలో ఇంకా నీడ ఉందో చూసుకుంటూ, ఎవరో అడిగినదానికి ఎవరో బదులిచ్చినట్టు సరే అనేసింది.

అన్నాక వెనక్కి తీసుకోడానికి కాస్త వ్యవధి ఉంది. ఎప్పుడూ నోరు ఊరుకోని గూదర్జ్ తన స్కీల కొసలకేసి చూసుకున్నాడు. గాలి అతని కోటు అంచుని టపటప కొడుతోంది. తర్వాత ఇస్కందర్ భుజాన ఉన్న కట్ట విప్పాడు. చివర ఎర్రగుడ్డ కట్టిన నీరువంజి బెత్తాలు అవి. ముందు దిగేవాళ్ళు దారి చూసుకుంటూ, మంచునది పగుళ్ళ పక్కన వాటిని పాతుకుంటూ పోవాలి. ఆ గుర్తుల్ని పట్టుకునే ఎండాకాలం దాకా కొండకొచ్చేవాళ్ళందరూ దిగుతారు. కట్ట ఇచ్చేటప్పుడు ఆయన చెయ్యి ఆమె చేతికి కాస్త పక్కగా వచ్చి ఆగింది. తూరాన్ తన చెయ్యి జరిపి అందుకుంది. చలికి ఆయన వేళ్ళు కొంకర్లు పోయాయనుకుంది.

"కాదు, మీరే..." అనబోయింది. ఆయన అప్పటికే పక్కకు తప్పుకున్నాడు.

పైభాగం ఎంత నిటారంటే, నిలబడితే కొండ మోచేతికి తగులుతుంది. అక్కడ జారడమంటూ లేదు. రెండు స్కీలూ ఒక్కసారి గాల్లోకి లేపి, ఒళ్ళంతా లోయకేసి తిప్పి, ఇనుపంచుల్ని మళ్ళీ అడ్డంగా దించాలి. దించాక ఊపిరి పీల్చి మళ్ళీ. తూరాన్ మొదటి మలుపు తీసుకుంది. అంచు కరకరమని పట్టింది. చిన్న మంచుబిళ్ళలు గలగలమంటూ ఆమెకంటే ముందు కిందికి పరిగెత్తాయి. రెండో మలుపు. మూడోది. ఒంటికి తెలిసిన పని అది. మనసు మాత్రం పైనే ఉండిపోయింది.

నాలుగో మలుపు దగ్గర వెనక కరకర వినబడింది.

ఒకరు దిగి, ఏ రాతిచాటునో ఆగి, చెయ్యెత్తాకే ఇంకొకరు దిగాలి. ఆ కట్టుబాటు పెట్టిందే ఇస్కందర్. దాన్ని మీరినవాళ్ళని ఊరికెళ్ళాక నలుగురిలో నిలబెట్టి కడిగేవాడు. అలాంటి మనిషి ఆమె వెన్నంటే దిగుతున్నాడు. ఆమె తిరిగిన చోటే తిరుగుతున్నాడు. ఆమె అంచు దించిన చోటే ఆయన అంచు దిగుతోంది. ఆమె ఆగితే ఆగుతున్నాడు. తూరాన్ తల తిప్పి చూసింది. ఆయన ముఖం ఆమె వైపు లేదు. కాస్త పక్కకి, ఆమె భుజం అవతల ఎక్కడికో ఉంది.

కోపం వచ్చిందనుకుంది. ముఖం చూడకూడనంత కోపం.

దూరం ఉంచండి మామయ్యా అని నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అనే మొహం ఇప్పుడు తనకి లేదనిపించి మింగేసింది.

సీయూలే మంచునది మొదలయ్యేచోట పెద్ద పగులు ఉంది. ఈ ఏడు మామూలుకంటే వెడల్పుగా నోరు తెరిచింది. లోపల నీలంగా, అడుగు తెలియకుండా. తూరాన్ కర్రతో అంచుని పొడుచుకుంటూ అటూ ఇటూ వెతికింది. ఒకచోట కర్ర దిగకుండా నిలబడింది. అక్కడ రెండు పక్కలా బెత్తాలు పాతి, "ఎడమకి రండి, ఎడమకే ఉండండి," అని గట్టిగా కేకేసింది. అంత గట్టిగా అరవాల్సిన పని లేదు. ఇస్కందర్ ఇంత దూరంలోనే ఉన్నాడు. ఆయన ఆ కేక వచ్చిన వైపు చెవి ఒగ్గి, ఆమె గీసిన గీత మీదుగా, చెక్కపెట్టెలో సొరుగు తోసినట్టు నెమ్మదిగా వచ్చేశాడు.

పోయినేడు ఇక్కడే ఆయన ఎర్రగుడ్డని పగులు పెదవి మీదనే పాతాడు. ఏం గుండెరా అని ఊరు ఊరంతా చెప్పుకుంది.

గూదర్జ్ చాలాసేపటి తర్వాత, ఒక్కడూ, కట్టుబాటు ప్రకారం దిగాడు.

కొండ కింద, పచ్చిక మొదలయ్యేచోట, గొర్రెల దొడ్డి రాతిగోడ చాటున ఇస్కందర్ భార్య జీవర్ అత్త పెద్ద దేగిసాలో ఆష్ కాచి ఉంచింది. శనగలూ, గోధుమలూ, ఆకుకూరలూ కలిసి చిక్కగా ఉడికిన గంజి. పైన పుదీనా తాలింపు. ఊరినుంచి ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చారు. కంచరగాడిద వీపు మీంచి మూటలు దింపుతున్నారు. వాలు తెరిచిన రోజు మొదటి రొట్టె ముందు దిగినవాళ్ళే విరవాలి. ఆ తర్వాతే మిగతావాళ్ళు చెయ్యి పెట్టాలి. జీవర్ అలవాటుగా రొట్టెల గుడ్డ తీసుకొచ్చి మొగుడి ముందు పరిచింది. ఏం జరిగిందో ఆవిడకింకా తెలియదు.

ఇస్కందర్ గుడ్డని తూరాన్ వైపు జరిపాడు.

"నువ్వు విరువు."

అందరి చేతులూ ఆగాయి. జీవర్ గరిటె పట్టుకుని మొగుణ్ణి, మేనకోడల్ని మార్చి మార్చి చూసింది. గూదర్జ్ బూటు తాళ్ళు విప్పుతున్నవాడు విప్పుతూనే ఉన్నాడు, అవి ఎప్పుడో ఊడిపోయాయి.

ఇందాకటి తప్పుని దిద్దుకోడానికి ఇంతకంటే మంచి సమయం రాదనుకుంది తూరాన్. "అయ్యో, మీరుండగా నేనా మామయ్యా," అంది. పైన అనాల్సిన మాట, అదే గొంతుతో, అందరికీ వినబడేలా.

"విరువు తల్లీ."

"మీ చేత్తోనే తినాలి మామయ్యా మేం."

ఆయన రొట్టె మీద చెయ్యి పెట్టి, తడిమినట్టు ఒకసారి నిమిరి, తీసేశాడు. గాడిద జీను వదులైందేమో చూస్తానని లేచి వెళ్ళిపోయాడు. ఆష్ మీద మీగడ కట్టింది. రొట్టె అలాగే ఉంది. చివరికి గూదర్జ్ చెయ్యి చాపి దాన్ని రెండు ముక్కలు చేశాడు.

"నాకు మర్యాద లేదని ఊళ్ళో అందరికీ తెలిసిందేగా," అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

మర్నాటికి ఊరంతా తెలిసిపోయింది. ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. తల్‌రూద్‌లో అలా అనరు.

పొద్దున్నే పిండిముద్దల తట్ట పట్టుకుని ఉమ్మడి పొయ్యి దగ్గరికి వెళితే, వరసలో ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారి వెనక్కి జరిగారు. "మీరే ముందు కానివ్వండి," అన్నారు. ఎప్పుడూ నువ్వు అనే మనుషులు మీరు అన్నారు. తూరాన్ వద్దంది. వాళ్ళు ఇంకా వంగి, ఇంకా తియ్యగా కానివ్వమన్నారు. వాగు వంతెన మీద గొర్రెలు తోలుకొస్తున్న ముసలాయన మంద మొత్తాన్ని అటు పక్కనే ఆపి, టోపీ తీసి గుండెకి ఆనించుకుని, ముందు తమరు దయచెయ్యాలన్నాడు. మంద వెనకనుంచి తోసుకుంటూ అరుస్తోంది. ఆయన కదల్లేదు. ఆమె దాటి వెళ్ళేదాకా వంగే ఉన్నాడు. ఉప్పు కొనుక్కోడానికి వెళితే కొట్లో వాళ్ళు తూకం మధ్యలో ఆపి ఆమెకి దారి ఇచ్చారు. ఎక్కడికెళ్ళినా అందరికంటే ముందు ఆమే. సాయంత్రానికి ఇంట్లోంచి అడుగు బయట పెట్టాలంటే ఒళ్ళు బరువెక్కింది.

ఇస్కందర్ ఇంటివైపునుంచి మనిషి జాడ లేదు.

మొగుడు లతీఫ్ ఆమూల్ పట్నం నుంచి లారీ తోలుకుని చీకటిపడే వేళకి వచ్చాడు. కొట్లో టీ తాగుతుంటే గూదర్జ్ చెప్పాడట. లతీఫ్ కాళ్ళు కడుక్కుని, పాదాలు తుడుచుకుంటూ, నవ్వాలో వద్దో తెలియని ముఖంతో అడిగాడు.

"ఇన్నేళ్ళు వద్దన్నదానివి, ఇంకో ఏడు వద్దనుంటే పళ్ళూడిపోయేవా?"

తూరాన్ టీ గ్లాసు ముందు పెట్టింది.

"నిజంగానే వెళ్ళమన్నాడేమో," అన్నాడు కాసేపటికి, పంచదార ముక్క పంటికింద పెట్టుకుంటూ.

"ఏమో."

"ఏమో ఏంటి, వెళ్ళి అడగరాదూ."

"ఏమని అడగను? అడిగితే, అయ్యో నిజంగానే అన్నాను తల్లీ అంటాడు. అది నిజమో తారోఫో మళ్ళీ ఎవరిని అడగాలి?"

లతీఫ్ ఆలోచించాడు. లారీ దారి తప్పినప్పుడు కూడా అంత ఆలోచించడు. చివరికి, మీ ఇంటి మర్యాదలు మీకే తెలియాలి, మా అమ్మయితే ఒక్కసారే అడిగి, వద్దంటే గిన్నె ఎత్తేసేది అన్నాడు. తూరాన్‌కి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. మామయ్య మీద తనకెప్పుడూ ఇలాంటి అనుమానం రాలేదు. ఆయన స్కీల మీద నిలబెట్టడం నేర్పినప్పుడు ఆమెకి పాలపళ్ళు ఊడుతున్నాయి. ఆయన మాట అంటే మాటే అనుకుని పెరిగింది. ఏ మాట మాటో, ఏ మాట మర్యాదో ఇన్నాళ్ళూ దానంతటదే తెలిసిపోయేది. ఇప్పుడు తెలియడం లేదు. మళ్ళీ కొండ మీద ఆయన పక్కన నిలబడనిస్తాడా, అసలు ఈ గుమ్మం తొక్కుతాడా, అదీ తెలియడం లేదు.

మూడోనాడు జీవర్ వచ్చింది. భుజాన మొగుడి స్కీలు. ఇంటి పక్కన పాకలో తూరాన్ పని చేసుకుంటోంది. ఊళ్ళో వాళ్ళవీ, కొండకొచ్చే వాళ్ళవీ స్కీలు బాగుచెయ్యడం ఆమె పని. అంచులకి ఆకురాయి వెయ్యడం, అడుగున పడ్డ గంట్లు పూడ్చడం, మైనం పట్టించడం, ఎక్కేటప్పుడు అడుగున అంటించే పట్టీలకి కొత్త జిగురు రాయడం. జీవర్ పాక గడప దాటలేదు. స్కీలని గోడకి ఆనించింది.

"మీ మామయ్య పంపాడు. అంచులు చూడమన్నాడు."

"లోపలికి రండత్తా. టీ పెడతాను."

"వద్దులే."

ఒక్కసారే అంది. వెనక్కి తిరిగింది కూడా. మళ్ళీ ఆగి, గోడకేసి చూస్తూ, "మూడేళ్ళుగా ఎవరినీ ముట్టుకోనివ్వడు, తనే చేసుకుంటాడు. ఇవాళ నీకే ఇవ్వమన్నాడు. నాకేం పాలుపోవడం లేదు పిల్లా," అని వెళ్ళిపోయింది.

మూడేళ్ళ కిందట ఆయన స్కీలు పంపడం మానేసినప్పుడు తూరాన్ నొచ్చుకుంది. తన పని నచ్చలేదేమో అనుకుంది. అడగలేదు. ఇప్పుడు వాటిని బల్లకి బిగించి, ఇనుముతో కాచి, పాత మైనాన్ని గుడ్డతో లాగేసింది. అలవాటుగా కళ్ళు కిటికీ వైపు ఉంచుకుని అరచెయ్యి అడుగంతా పోనిచ్చింది. గంటు ఎక్కడున్నా ముందు చేతికే తెలుస్తుంది. ఏమీ తగల్లేదు. గాజులా ఉంది. ఇంత బాగా పూడ్చినవాడు నాకెందుకు పంపాడు అనుకుంటూ తల వంచింది.

నల్లటి అడుగు నిండా తెల్లటి మచ్చలు.

పొడుగ్గా, అడ్డంగా, ఒకదాని మీద ఒకటి. గంట్లు పూడ్చే కడ్డీలు రెండు మూడు రంగుల్లో వస్తాయి. నల్ల అడుగుకి నల్లది కరిగించి పోస్తారు. ఆయన తెల్లది పోశాడు. ఒకచోట ఆకుపచ్చది. ఆ పైన వేలితో తడుముకుంటూ, ఎక్కువైంది గీకేస్తూ, ఎంత ఓపిగ్గా చదును చేశాడో, చేత్తో చూస్తే ఏమీ లేదు. కంటితో చూస్తేనే ఉంది.

తూరాన్ ఆకురాయి కింద పెట్టింది.

గంట్లు చూసింది. పైన ఒకటి, దాని కింద పాతది, ఇంకా కింద ఇంకా పాతది. రాళ్ళ మీదుగా పోయిన గంట్లు. ఇస్కందర్ స్కీల మీద అలాంటివి ఒకప్పుడు వెతికినా కనబడేవి కావు. రాయిని నలభై బారల అవతలే చూసి పక్కకి తిప్పే మనిషి. ఈ ఏటిది మాత్రం ఒకే ఒక్క గీత, ఎడమ స్కీ మడమ దగ్గర, ఇంకా పచ్చిగా. ఆ గీతని ఎక్కడో చూశాననిపించింది. గోడకున్న తన స్కీలు దింపి, వెనక్కి తిప్పి, పక్కన పెట్టింది. ఎడమ స్కీ, మడమ దగ్గర, అదే పొడుగు, అదే లోతు. కింద పచ్చిక దగ్గర మంచులో దాగిన రాయి ఒకటి తనకి తగిలింది. అదే ఆయనకీ తగిలింది.

చాలాసేపు ఆ రెండు గీతల్నీ చూస్తూ కూర్చుంది. చేతికి పక్కగా వచ్చిన చెయ్యి. భుజం అవతలకి తిరిగిన ముఖం. రొట్టెని తడిమిన అరచెయ్యి. పగులు పెదవి మీద ఎర్రగుడ్డ. అర్థమైందనుకుంది. అర్థమైనకొద్దీ ఇంకో ముడి పడింది. కళ్ళు లేని మనిషి ముందు నువ్వు పద అన్నాడంటే, అది ఏ మాట?

అంచులు పదును పెట్టింది. తెల్ల మచ్చల్ని ముట్టుకోలేదు. స్కీలు భుజాన వేసుకుని బయల్దేరింది. దారిలో ఇద్దరు పక్కకి ఒదిగి వంగి దారి ఇచ్చారు. ఆమె చూడలేదు.

ఇస్కందర్ అరుగు మీద కూర్చుని గాడిద తలతాడు పేనుతున్నాడు. పెరట్లో ఆపిల్ చెట్లు తెల్లగా పూసి ఉన్నాయి. మూడు పాయలూ వేళ్ళ మధ్య దొర్లుతున్నాయి, ఆయన వాటివైపు చూడటం లేదు. చూడకుండా పేనడం గొప్ప కాదు, ఆ ఊళ్ళో అందరూ అలాగే పేనుతారు. అందుకే ఇన్నాళ్ళూ ఎవరికీ ఏమీ తెలియలేదు. టీ కాచే సమోవార్ పక్కనే ఉంది. ఆమె అడుగు విని, "రా, కూర్చో," అన్నాడు. గ్లాసు తీసుకుని, చూపుడువేలు అంచుకి లోపలగా మడిచి పట్టి, వేలికి వేడి తగిలేదాకా టీ వంచి, ఆపాడు. ఒక్క చుక్క ఒలకలేదు.

"చూశావా?" అన్నాడు.

"చూశాను."

"ఏం రంగు పడింది?"

"తెలుపు. ఒకచోట ఆకుపచ్చ."

ఇస్కందర్ నవ్వాడు. నవ్వుతూనే తాడు కొస పంటితో బిగించాడు. "నల్లదే అనుకున్నాను," అన్నాడు. "అన్నీ మసిలాగే ఉంటాయి నాకు."

చూపు నడిమధ్యన పోయిందట. చుట్టూతా ఇంకా ఉందట. నీ చెవి కనబడుతోంది, కొంగు కనబడుతోంది, ముఖం ఉండాల్సిన చోట పొగ ఉంది అన్నాడు. సూటిగా చూస్తే పోతుంది, పక్కకి చూస్తే కాస్త వస్తుంది. తెల్లమంచు మీద అదీ లేదు. జీవర్‌కి తెలుసు. తెలిసిందని ఆయనకి తెలియకూడదని ఆవిడ తంటాలు. ఇదంతా గొర్రెకి ఏదో జబ్బు చేసిన సంగతి చెబుతున్నట్టు చెప్పాడు.

"నాతో ఎందుకు చెప్పలేదు మామయ్యా?"

ఆయన చేతులు ఆగాయి.

"చెప్పాను కదే," అన్నాడు. "మూడేళ్ళనుంచి చెబుతూనే ఉన్నాను. ముందు నువ్వు పద అన్నాను. ఇంకెట్లా చెబుతారు?"

పెరట్లో గాలికి పూరేకులు రాలి తాడు మీద పడ్డాయి.

"అయ్యో మీరుండగా అనేదానివి. మళ్ళీ అడిగేవాణ్ణి. మళ్ళీ అదే. ఆ మాట అంటూ స్కీలు ఒకడుగు వెనక్కి జరిపేదానివి, ఆ చప్పుడు వినబడేది. వెనకనుంచి గూదర్జ్ నవ్వేవాడు. ఇంకేం చెయ్యను, దిగేవాణ్ణి."

"పోయినేడు ఆ పగులు దగ్గర..."

"పగులెక్కడుందో నాకేం తెలుసు. చల్లగాలి కాళ్ళకి కొట్టింది, ఇక్కడే ఉందిలే అని బెత్తం గుచ్చాను. కిందికొచ్చాక ఏం గుండె అన్నారు. ఊరుకున్నాను."

మూడేళ్ళు ఆయన్ని తూరానే ఆ వాలు మీదికి నెట్టింది. వినయంగా, తల వంచి, రెండేసి సార్లు. దానికి ఊళ్ళో మంచిపేరు కూడా వచ్చింది. ఒక్కసారి నెట్టకుండా ఉన్నందుకు ఇప్పుడు ఎవరూ ఆమె ముఖం చూడటం లేదు.

"మరి రొట్టె?" అంది చివరికి.

"నువ్వు ముందు దిగావు, నువ్వే విరవాలి. దానికీ కాదన్నావు. ఈ పిల్లకి ఇక ఏ భాషలో చెప్పాలిరా అని గాడిద దగ్గరికి పోయాను."

ఆయన మళ్ళీ పేనడం మొదలుపెట్టాడు. తూరాన్ తాడు రెండో కొస అందుకుని బిగుతుగా పట్టింది. చిన్నప్పుడు అలా పట్టేది. కాసేపు ఇద్దరూ ఆ పని చేశారు. ఆ తర్వాత ఇస్కందర్, ఊళ్ళో నిన్ను ఏడిపిస్తున్నారని విన్నాను, గూదర్జ్ కొట్లో ఇవాళే అందరితో చెప్పేస్తాను, నా కళ్ళు పోయాయి, నేనే పంపాను అని, అన్నాడు.

చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. తల్‌రూద్ మనిషెవడూ గుడ్డివాణ్ణి దమావంద్ ఎక్కనివ్వడు. వచ్చే ఏడు ఆమె ముందు దిగుతుంటే వెనక కరకరమంటూ ఆయన రాడు. చెప్పకపోతే వస్తాడు. చెప్పకపోతే ఈ వంగి వంగి దారులివ్వడం ఆమెకి ఏళ్ళ తరబడి ఉంటుంది.

"వద్దు మామయ్యా. నన్నంటే అననివ్వండి."

ఇస్కందర్ ముఖం పక్కకి తిప్పి, ఆమెని కంటి చివరనుంచి చూశాడు.

"ఇది నిజమా, తారోఫా?"

తూరాన్ నోరు తెరిచింది. నిజమే అనడానికి. లోపల వెతికింది. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియలేదు. ప్రేమనుంచో, అలవాటునుంచో, పెద్దవాళ్ళు ఏదైనా ఇస్తే ముందు వద్దనాలని నాలుక నేర్చుకున్న దారినుంచో. నోరు మూసుకుంది.

"ఇంకోసారి అడుగుతున్నాను," అన్నాడు.

ఆమె పట్టుకున్న తాడు కొస వదిలేసింది. ఆయన తాడు చుట్టగా చుట్టి పక్కన పెట్టి, టోపీ కోసం అరుగంతా తడిమి, దొరికించుకుని లేచాడు.

వాకిలి గుమ్మం దగ్గర ఆగాడు.

"ముందు నువ్వు పద, అమ్మాయ్."

తూరాన్ పద అనగానే కదిలింది. మడమలు గట్టిగా కొడుతూ నడిచింది. రాతిమెట్ల మీద, గులకరాళ్ళ మీద, వంతెన చెక్కల మీద బూట్ల చప్పుడు ఊరంతా వినబడేలా. వెనక రెండడుగుల దూరంలో ఆయన. ఆమె మలుపు తిరిగిన చోటే తిరుగుతున్నాడు. పొయ్యి దగ్గరి ఆడవాళ్ళు మేనమామ ముందు నడుస్తున్న మేనకోడల్ని చూసి ఒకరినొకరు గిల్లుకున్నారు. మళ్ళీనా, నడివీధిలో కూడానా అని ఎవరో గొణిగారు.

గూదర్జ్ కొట్లో సాయంత్రం టీ జనం ఉన్నారు. గుమ్మానికి వేలాడే దుప్పటి తెరని గూదర్జ్ తనే వచ్చి ఎత్తి పట్టుకున్నాడు. నడుం వంచి, రెండో చెయ్యి గుండె మీద పెట్టుకుని, లోపలున్న వాళ్ళ వైపు ఓ కన్ను వేసి, "దయచెయ్యండి, తమరే ముందు," అన్నాడు. లోపల ఎవరో కిసుక్కుమన్నారు.

తూరాన్ ఆగింది. ఇప్పుడింకా ఆగిపోవచ్చు. పక్కకి తప్పుకుని, మీరు పదండి మామయ్యా అంటే చాలు, ఆయన ఎలాగోలా తడుముకుని లోపలికి వస్తాడు, ఏదీ మారదు. నిజంగా చెప్పాలనుకునే వచ్చాడా, తను ఆపుతుందని చూస్తున్నాడా, ఆమెకి అప్పుడూ తెలియలేదు.

లోపలికి అడుగుపెట్టింది. వెనక్కి తిరక్కుండానే, మంచునది దగ్గర కేకేసినంత గట్టిగా అంది.

"గడప ఎత్తుగా ఉంది మామయ్యా. ఎడమకి రండి."

కిసుక్కుమన్న వాళ్ళు ఆగిపోయారు. గూదర్జ్ తెర పట్టుకున్నవాడు అలాగే వంగి ఉన్నాడు, నవ్వు ముఖం మీదే ఉంది, దాన్ని ఏం చెయ్యాలో అతనికి తెలియడం లేదు. ఇస్కందర్ పాదం లేచి, గాల్లో ఒకసారి వెతుక్కుని, ఆమె అడుగు పడ్డ చోటే పడింది.